సూట్‌కేసులో స్టెరాయిడ్: హామిల్టన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

హామిల్టన్, బర్లింగ్టన్ పరిసరాల తెలుగు సంఘాల నిర్వాహకులకు,

సంక్రాంతి, ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ అంటూ ఏడాది పొడుగునా మీరు పడే శ్రమ వల్లే ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకు నలుగురు పరిచయమవుతున్నారు. ఆ కార్యక్రమాల్లో ఒకదానిలో నాకొక బల్ల, రెండు గంటల సమయం కావాలి. దాని కోసమే ఈ ఉత్తరం. మీకు విడిగా రాయొచ్చు గానీ, ఇందులోని సంగతులు మీ సభ్యుల ఇళ్ళన్నిటికీ సంబంధించినవి కాబట్టి బహిరంగంగానే రాస్తున్నాను.

విషయం స్టెరాయిడ్ మందులు. జిమ్ములో కండల కోసం వాడేవి కావు. ఆయాసానికి, కీళ్ళవాతానికి, ఎలర్జీకి, చర్మవ్యాధులకు డాక్టర్లు రాసే కార్టికోస్టెరాయిడ్లు: ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి. నేను ఈ ఊళ్ళో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. కౌంటరు ఇవతల నుంచి చూస్తే మనవాళ్ళలో ఈ మందుతో రెండు రకాల ఇబ్బంది కనిపిస్తుంది. కొందరు అది స్టెరాయిడ్ అని తెలియకుండా ఏళ్ళ తరబడి మింగుతారు. ఇంకొందరు ఆ మాట చెవిన పడగానే డాక్టరు రాసిచ్చిన మందును కూడా అటకెక్కిస్తారు. ఈ రెండూ ఒక లోటు నుంచే పుడుతున్నాయి. ఏ మందు, ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు అనేది మన భాషలో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు.

కిందటి చలికాలంలో ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని కోడలు వచ్చింది. జిప్‌లాక్ సంచిలోంచి ఒక కాగితం పొట్లం, రబ్బరు బ్యాండు చుట్టిన స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టి, "అత్తయ్య నొప్పుల బిళ్ళలండీ, అయిపోవచ్చాయి. ఇలాంటివే ఇస్తారా?" అని అడిగింది. పొట్లంలో పేరూ ఊరూ లేని చిన్న తెల్ల బిళ్ళలు. స్ట్రిప్పును పేరున్న వైపు నుంచే చింపుకుంటూ వచ్చారు కాబట్టి చివర "లోన్ 10" అన్న అక్షరాలే మిగిలాయి. "ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు పిన్నిగారూ?" అన్నాను. "పెద్ద మనవరాలి పెళ్ళికి ముందు నుంచీ అమ్మా. వేసుకుంటే మెట్లెక్కుతాను, మానేస్తే మంచం దిగలేను." పేరడిగితే నవ్వేశారు. "పేరు నాకేం తెలుసమ్మా, మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు పొట్లం కట్టిస్తాడు." ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. స్వెట్టరు చేతులు పైకి లాగితే ముంజేతుల మీద కమిలిన నల్లమచ్చలు. చర్మం ఉల్లిపొరలా ఉంది. ఆ బిళ్ళలు అయిపోయేలోగా ఆవిడ డాక్టరును చూడగలిగారు, మందు క్రమంగా తగ్గించే పని మొదలైంది. అలా చూడలేని వాళ్ళ సంగతే నాకు బెంగ.

బెంగ ఎందుకో చెప్తాను. మన మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. రక్తపోటు నిలబడాలన్నా, జ్వరాన్నో దెబ్బనో ఒళ్ళు తట్టుకోవాలన్నా అది ఉండాలి. బయటి నుంచి స్టెరాయిడ్ బిళ్ళ వస్తుంటే గ్రంథులు పని తగ్గించేస్తాయి. రోజూ ట్యాంకరు నీళ్ళు పోయించుకునే అపార్టుమెంటులో బోరు మోటారు వాడక బిగుసుకుపోతుంది చూడండి, అదే తీరు. ట్యాంకరు ఒక్కసారిగా మానేస్తే ఆ పూట కుళాయిలో చుక్క రాదు. మూడు నాలుగు వారాలకు మించి వాడిన బిళ్ళను ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం జరుగుతాయి. ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకే డాక్టర్లు మోతాదును మెట్టు మెట్టుగా దింపుతారు. ఆయాసం ముదిరినప్పుడు ఐదారు రోజులకని ఇచ్చే ప్రెడ్నిసోన్ వేరు. దాన్ని చెప్పినన్ని రోజులు వేసుకుని ఆపేయొచ్చు. మన మందు ఈ రెండిట్లో ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడమే అసలు పని.

ఇక్కడే మన ఊరి చిక్కు ఒకటుంది. కెనడాకు వచ్చేవారు సొంత వాడకానికి గరిష్ఠంగా 90 రోజుల మందులే తెచ్చుకోవచ్చు. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు 2022 జులై నుంచి ఒకేసారి ఐదేళ్ళ వరకూ ఉండొచ్చు. అంటే తెచ్చుకున్న మందు మూడు నెలలకు అయిపోతుంది, మనిషి మాత్రం ఇక్కడే ఉంటారు. ఇండియా చీటీ మీద నేను మందు ఇవ్వలేను, ఇక్కడ లైసెన్సు ఉన్న డాక్టరు రాయాలి. కొరియరులో వస్తుందిలే అని ఎదురు చూసేవాళ్ళు, ఉన్నవాటినే రోజు మార్చి రోజు వేసుకుంటూ సాగదీసేవాళ్ళు నాకు తెలుసు. షుగరు బిళ్ళ విషయంలోనే అది తప్పు, స్టెరాయిడ్ విషయంలో మరీ ప్రమాదం.

ఇన్సూరెన్సు భయం దీనికి తోడు. సూపర్ వీసాకు కనీసం లక్ష డాలర్ల ఆరోగ్య బీమా తప్పనిసరి. ముందునుంచీ ఉన్న జబ్బుల మీద ఆ పాలసీల్లో రకరకాల షరతులుంటాయి కాబట్టి, వాడుతున్న మందు సంగతి బయటపెడితే డబ్బు రాదేమోనని దాస్తారు. పాలసీ కొనేటప్పుడే జబ్బులూ మందులూ ఉన్నవున్నట్టు రాయించాలి. ఎమర్జెన్సీలో దాచడం మరీ దారుణం. రోగి ఒంట్లో సొంత కార్టిసాల్ చాలినంత లేదని తెలియక డాక్టర్లు వేరే జబ్బు వెతుకుతూ కూర్చుంటారు. జ్వరం, వాంతులు, ఆపరేషను, ప్రమాదం లాంటి వేళల్లో ఇలాంటివాళ్ళకు మోతాదు పెంచాల్సి వస్తుంది, బిళ్ళ కడుపులో నిలవకపోతే ఇంజెక్షను ఇవ్వాల్సి వస్తుంది. చెప్తేనే గదా వాళ్ళకు తెలిసేది.

ఇక రోజువారీ జాగ్రత్తలు. రోజుకొక్కసారి వేసుకునే బిళ్ళయితే సాధారణంగా పొద్దున్నే టిఫినుతో వేసుకోమంటారు. ఒంట్లో కార్టిసాల్ సహజంగా పెరిగేదీ ఆ వేళకే. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవచ్చు. చాలామందికి చిరాకు, ఆకలి, ఒంట్లో నీరు చేరడం ఉంటాయి. వీటిని ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చెప్పాలి.

షుగరున్నవాళ్ళు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిందొకటి ఉంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసోన్ షుగరును మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా పెంచుతుంది. మనవాళ్ళకు పరగడుపునే వేలు పొడుచుకోవడం అలవాటు. అప్పుడు 110 కనబడితే నిశ్చింతగా ఉంటారు. మధ్యాహ్న భోజనం తరవాతో, రాత్రి భోజనానికి ముందో చూసుకుంటే అసలు లెక్క బయటపడుతుంది.

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో స్టెరాయిడ్‌తో కలిపి వాడితే కడుపులో పుండు పడి రక్తం పోయే ముప్పు పెరుగుతుంది. పేరు తెలియని పొట్లాల్లో చాలాసార్లు ఈ రెండూ కలిసే ఉంటాయి. కళ్ళలో శుక్లాలు, నీటికాసులు రావచ్చు, ఏడాదికొకసారైనా చూపించాలి. ఎముకల అరుగుదల మొదటి కొన్ని నెలల్లోనే వేగంగా జరుగుతుంది. ఈ విషయంలో మన ఊరికి పేరుంది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ అడాచి బృందం 1997లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చూపించింది, స్టెరాయిడ్ మొదలుపెట్టిన వాళ్ళకు ఎటిడ్రొనేట్ అనే మందు విడతలుగా ఇస్తే వెన్నెముకలో ఎముక నష్టాన్ని ఆపొచ్చని. ఇప్పుడు అంతకన్నా మంచి మందులున్నాయి. మూడు నెలలకు మించి స్టెరాయిడ్ వాడబోతుంటే ఎముకల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి సంగతి డాక్టరును మనమే అడగాలి. ఈ ఊళ్ళో ఆరు నెలలు ఎండ మొహం చూడం గదా.

ఇక్కడి డాక్టరుకు చటుక్కున తోచని సంగతి ఇంకొకటుంది, మనమే గుర్తు చేయాలి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగి పెరిగినవాళ్ళ ఒంట్లో స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్నటి పురుగు ఉండొచ్చు. అది పాదం చర్మం గుండా లోపలికి చేరి, ఏ బాధా పెట్టకుండా దశాబ్దాల పాటు ఉండిపోతుంది. స్టెరాయిడ్ ఇచ్చి ఒంటి రక్షణ తగ్గించగానే విజృంభించి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. అప్పుడు బతికించడం కష్టం. ముందే రక్తపరీక్ష చేసి మందిస్తే తేలిగ్గా పోతుంది. అణిగి ఉన్న క్షయ, హెపటైటిస్ బి కూడా ఇలాగే తిరగబడతాయి. "మా నాన్నగారు రైతు, ఊళ్ళోనే పెరిగారు, స్టెరాయిడ్ ఎక్కువ రోజులు ఇచ్చే ముందు ఈ పరీక్షలు చేస్తారా?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు రెండో రకం ఇబ్బంది. ఆస్తమాకు మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం తెల్లవార్లూ లైన్లో నిలబడే ఓపిక మనకుంది. ఇన్హేలరులో స్టెరాయిడ్ ఉందనగానే మాత్రం పిల్లవాడికి "అలవాటైపోతుందేమో" అని దాచేస్తాం. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మింగే బిళ్ళ మిల్లీగ్రాముల్లో. పీల్చింది ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. పీల్చాక నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. పిల్లలకు ఇన్హేలరుకు స్పేసరు అనే గొట్టం పెడితే మందు గొంతులో కాకుండా చేరాల్సిన చోటికి చేరుతుంది. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడే పిల్లల ఎత్తు కొలుస్తూ ఉండాలి, అది డాక్టరు చూసుకుంటారు. ఆ భయంతో మానేస్తే మాత్రం ఆయాసం ముదిరి చివరికి అదే స్టెరాయిడ్ బిళ్ళ రూపంలో, వందల రెట్లు ఎక్కువగా మింగాల్సి వస్తుంది.

ఈ మాటకు సాక్ష్యం కూడా హామిల్టన్‌లోనే ఉంది. కెనడాలో బడులు తెరిచిన దాదాపు రెండున్నర వారాలకు, సెప్టెంబరులో, ఆస్తమాతో ఆస్పత్రుల్లో చేరే పిల్లల సంఖ్య ఏటా ఒక్కసారిగా పెరుగుతుందని మెక్‌మాస్టర్‌కు చెందిన నీల్ జాన్‌స్టన్, మాల్కమ్ సియర్స్ గమనించి రాశారు. బడిలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జలుబు వైరస్ ఒక కారణం. అలా జబ్బుపడిన పిల్లల్లో స్టెరాయిడ్ ఇన్హేలరు వంటి, రోజూ వాడాల్సిన నివారణ మందు వాడుతున్నవాళ్ళు తక్కువ. అదే విశ్వవిద్యాలయం నుంచి పాల్ ఒబర్న్ నాయకత్వంలో 2018లో వచ్చిన సిగ్మా పరిశోధనను చూడండి. తేలికపాటి ఆస్తమా ఉన్నవాళ్ళు ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే బ్యూడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్హేలరు పీల్చితే, ఊరట మందు ఒక్కటే పీల్చేవాళ్ళకన్నా తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి. రోజూ స్టెరాయిడ్ పీల్చేవాళ్ళతో పోలిస్తే వాళ్ళ ఒంట్లోకి వెళ్ళిన స్టెరాయిడ్ 17 శాతమే. ఆ మరుసటి ఏడాదే ఆస్తమా అంతర్జాతీయ మార్గదర్శకాలు ఊరట మందు ఒక్కదాంతో సరిపెట్టడం మానుకోమన్నాయి. ఛార్ల్‌టన్ అవెన్యూ మీద సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రిలో ఉన్న ఫైర్‌స్టోన్ శ్వాసకోశ సంస్థలో కఫాన్ని మైక్రోస్కోపు కింద చూసి ఎవరికి స్టెరాయిడ్ కావాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే పద్ధతికి పదును పెట్టారు. 2009లో అక్కడి పరమేశ్వరన్ నాయర్ బృందం, ప్రెడ్నిసోన్ లేకుండా గడవని ఆస్తమా రోగుల్లో కొందరికి మెపొలిజుమాబ్ ఇంజెక్షనుతో ఆ బిళ్ళల మోతాదు బాగా తగ్గించొచ్చని చూపింది. ఏళ్ళుగా ప్రెడ్నిసోన్ మింగుతున్నవారు "నాకు వేరే దారి ఉందా?" అని అడగగలిగే ఊళ్ళో ఉన్నారు. అడగడం మన వంతు.

పూత మందుల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. ప్రతి సూట్‌కేసులోనూ తోక నుంచి చుట్టుకుంటూ వచ్చిన ఒక ట్యూబు ఉంటుంది. మొటిమకూ అదే, మంగుకూ అదే, తామరకూ అదే, ముఖం తెల్లబడటానికీ అదే. స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని భారత ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చినా, అడిగితే ఇచ్చే షాపులకు కొదవ లేదు. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మానేసిన రోజు మంటపుడుతుంది. తామర మీద రాస్తే దురద తగ్గినట్టే తగ్గి, బూజు లోపల పాకుతుంది. మన దేశంలో ఇలాంటి విచ్చలవిడి వాడకం మధ్య పెరిగిన మొండి తామర ఇప్పుడు సముద్రాలు దాటింది. 2023లో న్యూయార్క్‌లో కూడా దాన్ని గుర్తించారు. ఎగ్జిమాకు డాక్టరు రాసిన పూతను మాత్రం భయపడకుండా, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాయాలి. పెద్దవాళ్ళ చూపుడువేలి కొన మీద ట్యూబు నుంచి గీతలా పిండినంత మందు వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. 2023 జనవరి 1 నుంచి ఒంటారియోలో ఎగ్జిమా వంటి కొన్ని చిన్న సమస్యలకు ఫార్మసిస్టే మందు రాయొచ్చు. ట్యూబు కోసం బంధువుల సూట్‌కేసు వైపు చూడక్కర్లేదు.

ఈ మందు తీరు అర్థం కావాలంటే కరోనా రోజులు గుర్తు చేసుకుంటే చాలు. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ పరిశోధన రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పది రోజులు మించకుండా ఇస్తే వెంటిలేటరు మీదున్నవాళ్ళలో మరణాలు మూడోవంతు తగ్గాయని చెప్పింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు లాభం లేదనీ అప్పుడే చెప్పింది. సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల రచనలో ముందున్నది మెక్‌మాస్టర్‌కు చెందిన బ్రామ్ రాచ్‌వెర్గ్. జబ్బు తీవ్రంగా ఉంటే ఇవ్వండి, లేకపోతే వద్దు అన్నది అందులోని సారాంశం. 2021 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో వాట్సాప్‌లో తిరిగిన చీటీలకు ఆ రెండో సగం చేరలేదు. జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్ళున్నారు. అదుపు తప్పిన షుగరు, దాని మీద స్టెరాయిడ్ కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి వేశాయి. తెలంగాణ మే నెలలో దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి రోగులతో నిండిపోయింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. ఒకరి ప్రాణం నిలబెట్టిన బిళ్ళే ఇంకొకరి కన్ను తీసింది. తేడా అంతా ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న దగ్గరే.

కాబట్టి మీకు మూడు మనవులు.

మొదటిది, వచ్చే కార్యక్రమంలో "మీ మందుల సంచి తెండి" అని ఒక బల్ల పెట్టించండి. ఒంటారియోలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ మందులు దీర్ఘకాలంగా వాడేవారితో ఫార్మసిస్టు కూర్చుని మందులన్నీ సరిచూసే మెడ్స్‌చెక్ పథకం 2007 నుంచి ఉంది. అది ఇక్కడి ఆరోగ్య కార్డు ఉన్నవాళ్ళకే. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఆ కార్డు రాదు. ఆ ఖాళీ మనం పూడ్చుకోవాలి. తెలుగు తెలిసిన ఫార్మసిస్టులు, నర్సులు ఈ చుట్టుపక్కల ఉన్నారు. పిలిస్తే వస్తారు.

రెండోది, పర్సులో పట్టే కార్డు అచ్చు వేయించండి. ఒకవైపు ఇంగ్లీషులో మందు అసలు పేరు, మోతాదు, ఎందుకు, మొదలుపెట్టిన తేదీ, డాక్టరు ఫోను, "స్టెరాయిడ్ మీద ఉన్నారు, ఉన్నట్టుండి ఆపకూడదు" అన్న మాట. రెండోవైపు అవే తెలుగులో, జ్వరమొస్తే ఏం చేయాలో, 811కు ఎప్పుడు ఫోను చేయాలో, 911కు ఎప్పుడు చేయాలో. ఇంగ్లండ్ ఇలాంటి అత్యవసర కార్డును 2020లో దేశమంతటా తెచ్చింది. మనం మన ఊరి తెలుగువాళ్ళకు తెచ్చుకోలేమా?

మూడోది, అమ్మానాన్నలను పిలిపించుకుంటున్న సభ్యులకు మీరు పంపే సందేశాల్లో ఆవకాయ ఎంత తేవచ్చో చెప్పే చోటే ఈ మాటా చేర్చండి: పేరు లేని పొట్లం విమానం ఎక్కనివ్వొద్దు. బయల్దేరే ముందే అక్కడ ఒక ఎండీ డాక్టరుకు చూపించి, ప్రతి మందు అసలు పేరుతో ఇంగ్లీషులో ఉత్తరం రాయించండి. మందులు చేతి సంచిలో పెట్టండి. దిగిన మొదటి నెలలోనే ఇక్కడొక డాక్టరును చూడండి, తొంభయ్యో రోజు దాకా ఆగొద్దు.

కార్డుకు కావలసిన మాటలు తెలుగులో నేను రాసిస్తాను. అచ్చుకు వెళ్ళే ముందు ఇద్దరు డాక్టర్ల చేత సరిచూపిస్తాను. కార్యక్రమం ఏ శనివారమైనా సరే, ఆ రోజు సెలవు పెట్టుకుని వస్తాను. మీరు చేయాల్సింది తేదీ చెప్పడం, హాలులో ఒక మూల చూపించడం. ఈ నెలాఖరులోగా మీ కమిటీల్లో మాట్లాడి జవాబిస్తారని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ వనభోజనాల్లో పులిహోర వడ్డించే
ఒక ఫార్మసిస్టు
హామిల్టన్ మౌంటెన్, ఒంటారియో